పడవవాడి పిలుపు

శుక్రవారం నమాజు నుంచి వచ్చి, ములూఖియా ఆకుకూర గిన్నె ముందు కూర్చుని, రొట్టె తుంచకముందే రగబ్ తీర్పు చెప్పేశాడు. ఈ ఏడు సముద్రం లేదు. ధరలు మండిపోతున్నాయి, అద్దెలు చెట్టెక్కి కూర్చున్నాయి, తనకి తిరిగే ఓపిక లేదు, ఇక ఆ మాట ఎవరూ ఎత్తొద్దు.

అతని భార్య సుహైర్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కూతుళ్ళు మయార్, రొదైనా మొహాలు వేలాడేశారు. తల్లి గలీలా మాత్రం, "సరేలే నాయనా, నీకెలా తోస్తే అలా," అంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆవిడకి కొడుకుతో ఆ ఒక్కమాటే అలవాటు.

"అయితే నేను తీసుకెళ్తాను," అంది ఇన్సాఫ్.

ఇన్సాఫ్ రగబ్ చెల్లెలు. యాభై దగ్గరపడింది, పెళ్ళి చేసుకోలేదు, తల్లితో అన్న వాటాకి కింది వాటాలో ఉంటుంది. మహల్లా పట్టణంలో దుప్పట్లు కుట్టే కార్ఖానాలో కుట్టు హాలుకి ఆమే పెద్ద. ఆమె కనుబొమ్మ కదిలితే హాలు నిండా ఉన్న ఆడవాళ్ళు కబుర్లు ఆపేస్తారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి మాత్రం రగబ్ చెల్లెలు, అంతే.

రగబ్ పకపకా నవ్వాడు. "నువ్వా? సముద్రపొడ్డున ఆ రాస్ ఎల్ బర్‌లో ఒంటరి ఆడదానికి కోళ్ళగూడు కూడా అద్దెకివ్వరే. ప్రతి గేటుకీ 'కుటుంబాలకే' అని బోర్డు వేలాడుతుంటుంది, చూళ్ళేదా? తిరిగి తిరిగి ఆఖరికి నా గుర్తింపు కార్డు కోసం పైకి రావాల్సిందే."

"రాను."

"చూద్దాం."

"చూద్దువుగానిలే. ముందు తిను, చల్లారిపోతోంది."

రగబ్ చెడ్డవాడని ఎవరూ అనరు. ఏటా ఇంటిల్లిపాదినీ సముద్రానికి తీసుకెళ్ళింది అతనే. కాకపోతే తీసుకెళ్ళే తీరొకటుంది. మొదట చూపించిన ఇల్లే తీసుకుంటాడు. కుళాయి తిప్పి చూడటం, పరుపు ఎత్తి చూడటం, బాత్రూంలోకి తొంగిచూడటం మగతనానికి తక్కువ. ఒక ఏడు నాలుగో అంతస్తు, నీళ్ళు మూడో అంతస్తు దాకానే ఎక్కేవి. ఇంకో ఏడు వంటింటి కిటికీ చేపల బజారు చెత్తకుప్ప మీదికి తెరుచుకునేది. ఎవరైనా నోరు మెదిపితే, "నేనే లేకపోతే మీరు సముద్రాన్ని క్యాలెండరులో చూసుకోవాల్సిందే," అనేవాడు. అక్కడున్న వారం రోజులూ ఆ మాట రొట్టెతో పాటు పూటపూటా వడ్డించేవాడు.

అందుకే ఇన్సాఫ్‌కి ఇప్పుడు సముద్రం ఒక్కటే కాదు ముఖ్యం. ఆ కార్డు అడక్కుండా, ఎవరి మీసమూ ముందు పెట్టుకోకుండా, తన మాట మీద తన ఇంటిని నడిపించి తీసుకెళ్ళాలి. ఒక్కసారి. ఆ కోరిక ఎప్పటి నుంచి కడుపులో ఉందో ఆమెకే తెలీదు. నోరు జారి బయటికొచ్చాక మాత్రం ఇక లోపలికి పోనంది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఫోను పట్టుకుని కూర్చుంటే ప్రతివాడిదీ ఒకటే పాట. "మీవారికి ఇవ్వండమ్మా ఫోను." మీవారు లేరంటే, "మీ నాన్నగారికి ఇవ్వండి." ఆయన పోయారంటే, "అల్లా కరుణించాలి, మీ అన్నగారో మరి?" అన్నగారు పైఅంతస్తులో చెవి నేలకి ఆనించి కూర్చున్నట్టే ఉండేది ఆమెకి. ఫోను పక్కన పడేసి, సెలవు పెట్టి, తెల్లారగానే తనే బస్సెక్కింది.

రాస్ ఎల్ బర్‌లో ఆమె వీధి తరవాత వీధి తిరిగింది. ఒక గేటుకి కావలివాడు లోపలికే రానివ్వలేదు. ఇంకోచోట ఇల్లు చూపించి, మగమనిషి లేడనగానే తలుపేశారు. మధ్యాహ్నానికి హజ్ చేసొచ్చిన ఒక పెద్దావిడ ఇల్లు దొరికింది. తహానీ ఆమె పేరు, ఊరంతా హాగ్గా అంటుంది. రెండు గదులు, ఓ హాలు, ఓ బాల్కనీ. బాల్కనీ రెయిలింగు మీదికి వంగి మెడ ఎడమకి తిప్పితే, రెండు మేడల సందులో సముద్రం జానెడు కనిపిస్తుంది.

ఇన్సాఫ్ ప్రతి కుళాయీ తిప్పింది. పరుపులెత్తి చూసింది. ప్రతి మంచం మీదా పడుకుని అటూ ఇటూ దొర్లింది. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చల్లదనం ఎంతో చూసింది. బాత్రూంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్మా, అద్దెకి తీసుకుంటున్నావా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా?" అంది తహానీ గుమ్మంలోంచి.

"రెండింట్లోనూ తరవాత ఏడవకూడదు కదా హాగ్గా."

"అదీ నిజమేలే. ఎంతమంది?"

"ఐదుగురం. మా అమ్మ, వదిన, ఇద్దరు ఆడపిల్లలు, నేను."

"మగమనిషెవరు?"

వచ్చింది ఆ ప్రశ్న. ఇన్సాఫ్ మంచం దగ్గరికొచ్చి, దుప్పటి సరిచేసి, నిదానంగా అడిగింది. "మీ ఇంట్లో మగమనిషెవరు హాగ్గా?"

"నా ఇంట్లోనా? ఆయన పోయి చాలా కాలమైంది. అద్దెలూ నేనే, మరమ్మతులూ నేనే, తగువులూ నేనే."

"మరి జనం ఏమంటున్నారు?"

"మొహం మీద హాగ్గా అంటారు. వెనక్కి తిరిగితే పులి అంటారు."

"నన్నూ రెండోది అననివ్వండి, ఏం కాదు."

తహానీ ఆమెని ఎగాదిగా చూసింది. తరవాత నవ్వింది, పై పలువరుసలో ఖాళీలన్నీ కనిపించేలా. "ఐదుగురన్నావు, ఐదుగురే. ఆరో తల కనిపిస్తే గేటు బయటే. దిండ్లు లెక్కపెట్టి ఇస్తా, లెక్కపెట్టి తీసుకుంటా. బయానా ఇచ్చి వెళ్ళు, పులీ."

తిరుగు బస్సులో ఇన్సాఫ్‌కి కిటికీ పక్క సీటు దొరకలేదు, నిలబడే వచ్చింది. ఆ ప్రయాణమంత సుఖమైన ప్రయాణం ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కిన తీరు చూడాలి. మామూలుగా ఒక్క గుక్కలో ఎక్కే మెట్లు, ఆ రోజు అంతస్తుకో ఘడియ పట్టింది. ప్రతి తలుపు దగ్గరా ఆగింది. "సముద్రానికి వెళ్తున్నాం. అవును, నేనే మాట్లాడొచ్చాను. రెండు గదులు, బాల్కనీ, సముద్రం ఎదురుగానే." జానెడు సముద్రం మెట్లెక్కుతున్న కొద్దీ వెడల్పవుతూ పోయింది. ప్రతి తలుపు దగ్గరా రివాజు ప్రకారం, "మీరూ రావాలి మాతో!" అంది. వాళ్ళూ రివాజు ప్రకారం, "అల్లా మేలు చెయ్యాలి, క్షేమంగా వెళ్ళి రండి," అన్నారు.

ఈ రివాజు మా వైపు తల్లిపాలతో వస్తుంది. నది నడిమధ్యన పోతున్న పడవవాడు అన్నం తింటూ, ఒడ్డున నిలబడ్డవాణ్ణి చూసి, "రావయ్యా, భోంచేద్దాం!" అని కేకేస్తాడు. వాడు ఈదుకుంటూ రాడని ఇతనికీ తెలుసు, అతనికీ తెలుసు. దాన్నే పడవవాడి పిలుపంటారు. మూడుసార్లు పిలవాలి, మూడుసార్లూ వద్దనాలి, ఇద్దరి పరువూ దక్కుతుంది. రగబ్ అయితే ప్రతి వేసవిలో బండి ఎక్కబోతూ, "మీరు రాకపోతే నా పెళ్ళానికి తలాక్!" అని ఇరుగుపొరుగు మీద ఒట్టేసేవాడు. అలా మెట్ల మీద సుహైర్‌కి ఏటేటా విడాకులవుతుండేవి. ఆవిడ పట్టించుకోకుండా సామాను మోసేది.

అన్నిటికంటే కింది వాటాలో ఉండే రౌహియా గుమ్మంలో కుర్చీ వేసుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది. మొగుడు లేడు, పిల్లల్లేరు, మోకాళ్ళు పనిచెయ్యవు. ఇన్సాఫ్ పైదాకా ప్రకటించాక మళ్ళీ కిందికి దిగింది, ఆమె ఒక్కతే మిగిలిపోయిందని.

"పిన్నీ, నువ్వూ రావాలి మాతో!"

"అల్లా నీ మనసు చల్లగా ఉంచాలి తల్లీ. వెళ్ళి రండి."

"అలా కుదరదు, రావాలి."

"ఈ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళు నేను మోస్తా, నువ్వు రా!"

"వద్దులేమ్మా, బతికుండు."

మూడూ అయిపోయాయి. ఎవరైనా ఇక్కడ ఆగుతారు. కానీ ఇన్సాఫ్ ఆ రోజు నేల మీద లేదు. ఇవ్వడానికి భర్త లేడు కాబట్టి విడాకుల ఒట్టు కుదరదు. చేతికి దొరికిన పెద్ద ఒట్టే వేసేసింది. "మా నాన్న సమాధి మీద ఒట్టు పిన్నీ! నువ్వు రాకపోతే ఆ సముద్రం నాకు చేదు!"

రౌహియా చేట ఒళ్ళో పెట్టుకుని తలెత్తి చూసింది. ఇన్సాఫ్ అప్పటికే పాట కూనిరాగం తీస్తూ మెట్లెక్కుతోంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆమె మాత్రం రెండో అంతస్తు చేరేసరికే ఆ మాట మరిచిపోయింది.

తరవాత వారమంతా ఇంట్లో వంటే వంట. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి గడ్డకట్టించారు, మాంసం ముక్కలకి పిండి అద్ది డబ్బాల్లో సర్దారు. ఫ్యాను, కుండలు, చాపలు మూటలు కట్టారు. రగబ్ రోజూ ఏదో వంకన కిందికొచ్చి, "కార్డు కావాలా?" అనేవాడు. "ఉల్లిపాయలు కావాలి, తెస్తావా?" అనేది ఇన్సాఫ్. అతను ఉల్లిపాయలు తెచ్చేవాడు.

ప్రయాణం రేపనగా, పొద్దు వాలాక అసర్ నమాజు వేళ తలుపు చప్పుడైంది. తెరిస్తే రౌహియా. ఒక చేతిలో బట్టల మూట, చంకలో దిండు. మెట్లెక్కడానికి పట్టిన ఆయాసంతో మాట రావట్లేదు. సోఫాలో కూలబడి, ఊపిరి తీసుకుని, "బాతు వండాను తల్లీ, కింద ఫ్రిజ్‌లో పెట్టాను," అంది. "పొద్దున్న బండి ఎన్నింటికి?"

మయార్ నోరు తెరవబోతే రొదైనా కాలు తొక్కింది. తల్లి గలీలా ఒక్కతే తడుముకోకుండా, "వచ్చావా చెల్లీ, ఇల్లు వెలిగింది," అంది. మర్యాదలో ఆవిడని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

సుహైర్ ఇన్సాఫ్‌ని రెక్కపట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. "ఎక్కడ పడుకోబెడతావు? నెత్తి మీదా? ఆరో తల గేటు బయటే అని ఆ ఇంటావిడ చెప్పిందన్నావుగా!"

"అన్నాను."

"మరి ఎందుకు పిలిచావు?"

"అందర్నీ పిలిచాను వదినా. అందరూ పిలుస్తారు."

"అందరూ సమాధుల మీద ఒట్లేస్తారా? మెట్లన్నీ విన్నాయి నీ కేక."

అప్పుడు గుర్తొచ్చింది ఇన్సాఫ్‌కి, మెట్ల మీద వేసిన ఒట్టు.

గోడలకి చెవులుంటాయి, రగబ్ ఇంటి గోడలకి కాళ్ళు కూడా ఉంటాయి. అతను అప్పటికే వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఎగతాళి చేస్తాడనుకుంది ఇన్సాఫ్. చెయ్యలేదు, మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

"నువ్వేం బెంగపెట్టుకోకు. నేను చెప్తాలే ఆవిడకి. 'ఇంటివాళ్ళతో నేనే మాట్లాడాను, ఒప్పుకోలేదు' అంటాను. మగవాడు చెప్తే ఊరుకుంటుంది. పడవవాడి పిలుపని ఆవిడకి మాత్రం తెలీదా? ఏళ్ళతరబడి నేను పిలవలేదా, ఒక్కసారైనా వచ్చిందా? ఇలాంటివి సర్దడానికే కదమ్మా ఇంట్లో ఒక మగాడుండాలి."

ఎంత తేలిక! తల ఊపితే చాలు. నిజం చెప్పాలంటే, ఇన్సాఫ్ తల కొంచెం ఊగింది కూడా. కానీ అన్న అడుగు ముందుకెయ్యగానే ఆమెకి అసలు సంగతి తట్టింది. తను పిలిచిన మనిషిని అతను వెనక్కి పంపితే, ఆ ఇల్లు తను మాట్లాడింది కాదు, ఆ సముద్రం తనది కాదు. ఇక జీవితాంతం ఉల్లిపాయలు అతను తెచ్చినా కార్డు మాత్రం అతనిదే.

"ఆగన్నయ్యా," అంది. "పిలిచింది నేను. నేనే మాట్లాడతాను."

వెళ్ళి రౌహియా పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో ఇంకా తెలీదు. నోటికొచ్చింది అడిగేసింది. "పిన్నీ, అన్నయ్య ఏటేటా పిలిచేవాడు కదా. ఎప్పుడూ రాలేదేం?"

"మీ అన్న పిలిచాడా?" రౌహియా నవ్వింది. "పలకరించాడే అమ్మాయ్. బండి హారన్ కొడుతుంటే, ఒక కాలు లోపల పెట్టి, పెళ్ళానికి విడాకులిస్తూ పలకరించేవాడు. దానికి 'అల్లా మేలు చెయ్యాలి' అనే జవాబు. నువ్వలా కాదు. మూడుసార్లు అయ్యాక నాలుగోసారి అడిగావు. మీ నాన్న మీద ఒట్టేశావు. ఆయన్ని నేనెరుగుదును. ఆయన కూతురు ఉత్తి ఒట్టు వెయ్యదు."

ఇన్సాఫ్ తలొంచుకుంది. రౌహియా దిండు గలీబు సరిచేసుకుంటూ, ఎవరితోనో కానట్టు, "నేను సముద్రం చూళ్ళేదే ఇంతవరకూ," అంది. "ఇంత దగ్గర కదా, ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుంటూనే ఇంత వయసొచ్చింది. నువ్వు ఒట్టేసి వెళ్ళాక ఆ రాత్రి అనుకున్నాను, ఇక చూస్తానని."

ముందు సిగ్గేసింది ఇన్సాఫ్‌కి. నాన్న పేరుని పావలా పల్లీల్లా చల్లేసి మెట్లెక్కేసిన సిగ్గు. ఆ వెంటనే ఛాతీ నిండిపోయింది, గర్వంతో. ఈ భూమ్మీద ఒక మనిషి, రగబ్ మాట తూచి, తన మాట తూచి, తనదే బరువనుకుని దిండు చంకన పెట్టుకుని వచ్చింది. ఆ గర్వం ముందు దోమలూ మంచాలూ దిండ్ల లెక్కా ఏపాటి?

"చూస్తావు పిన్నీ," అంది. "రేపు మధ్యాహ్నానికల్లా."

అందరి ముందూ ఫోను తీసి, స్పీకరు పెట్టి, తహానీకి చేసింది. "హాగ్గా, నేను. ఐదుగురం కాదు, ఆరుగురం."

"అప్పుడే మొదలెట్టావా? ఆరో తల ఎవరిది?"

"మా నాన్న సమాధి మీద ఒట్టేసి పిలిచిన మనిషి."

"నిజంగా వేశావా ఒట్టు?" అంది తహానీ.

"వేశాను. వచ్చి కూర్చుంది."

"బుద్ధి లేదే నీకు. పోనీలే, ఒట్టంటే ఇక ఎవరేం చేస్తారు. దిండు మాత్రం నేనివ్వను."

"తెచ్చుకుంది హాగ్గా."

"నా మంచం పిన్నికి," అని ఇన్సాఫ్ అక్కడే తేల్చేసింది. "నేను బాల్కనీలో పడుకుంటా." రగబ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. పైకెళ్ళిపోయాడు.

పొద్దున్న మైక్రోబస్సు వచ్చేసరికి అతను కిందే ఉన్నాడు. ఎవరూ అడక్కుండానే సామాను బండి పైకెక్కించి తాళ్ళు బిగించాడు. డ్రైవరుకి దారి చెప్పాడు, కుండలు ఎలా పెట్టాలో చెప్పాడు, డ్రైవరు వయసు కూడా అడిగాడు. ఇన్సాఫ్ రౌహియాని ముందు సీట్లో, కాళ్ళు చాపుకునేలా కూర్చోబెట్టింది. అందరూ ఎక్కారు.

"అన్నయ్యా, నువ్వూ రా," అంది.

"వెళ్ళి రండి, వెళ్ళి రండి. నాకు బోలెడు పనులు."

"వస్తే బాగుంటుంది."

"వద్దులే. అల్లా తోడు."

అన్నాడే కానీ తలుపు మీద చెయ్యి తియ్యలేదు. మూడోసారి కోసం నిలబడ్డాడు. బండిలో అందరికీ తెలుసు ఆ సంగతి. సుహైర్ ఇన్సాఫ్ తొడ గిల్లింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇన్సాఫ్ అన్నని చూసింది. బయటికెళ్ళే బూట్లు వేసుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఎన్ని వేసవులు తమందర్నీ ఈ బండి ఎక్కించాడో, వచ్చీరాని తీరులోనే అయినా, గుర్తొచ్చింది. కోపం ఎంత వెతికినా దొరకలేదు.

"ఇదిగో అన్నయ్యా, నేను మూడోసారి పిలవను. ఒట్లూ పెట్టను. నేను పిలిస్తే నిజంగా పిలిచినట్టేనని నిన్న ఇంటిల్లిపాదికీ తెలిసింది. మంచాలన్నీ నిండిపోయాయి. నీకు బాల్కనీ, దోమలతో సహా. నేను హాల్లో ఎక్కడో నడుం వాలుస్తా. వస్తే ఎక్కు, రాకపోతే తలుపెయ్యి."

రగబ్ వీధి అటూ ఇటూ చూశాడు. మీసం ఒకసారి దువ్వుకున్నాడు. ఎక్కాడు. ముందు సీటు ఖాళీ లేదు, ఎప్పుడూ కూర్చునే చోటు. వంగి వంగి వెనక్కెళ్ళి చాపల మీద కూర్చున్నాడు.

"నా బట్టలు?" అన్నాడు కాసేపటికి.

"నిన్ననే సర్దాను," అంది సుహైర్, వెనక్కి తిరక్కుండా.

రాస్ ఎల్ బర్‌లో బండి ఆగేసరికి తహానీ గేటు దగ్గరే ఉంది, తాళంచెవి చేతిలో పట్టుకుని. దిగుతున్న తలలు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఏడోది దిగింది. చివాట్లు పెట్టడానికి తెరిచిన నోరు, మీసం చూసి, అలవాటు కొద్దీ మర్యాదగా మారిపోయింది.

"మగమనిషి ఉన్నాడని చెప్పలేదేమ్మా ముందే," అంది ఇన్సాఫ్‌తో. తాళంచెవి అతని వైపు చాచింది. "తీసుకో నాయనా. ఇంటిపెద్దవి నువ్వేగా."

రగబ్ చెయ్యి దానంతటదే లేచింది. ఎన్నేళ్ళ అలవాటు! పిల్లలు చూస్తున్నారు, సుహైర్ చూస్తోంది, తల్లి చూస్తోంది. ఇన్సాఫ్ మాత్రం మొహం తిప్పుకుని రౌహియా చంకలోని దిండు అందుకుంటోంది. చూస్తే ఏమవుతుందోనని ఆమెకి భయం.

ఆ చెయ్యి సగంలో ఆగింది. వెళ్ళి జేబులో దూరింది.

"నాకు కాదు హాగ్గా," అన్నాడు రగబ్. గొంతు సరిచేసుకుని, వీధిలో వెళ్ళేవాళ్ళకి కూడా వినపడేలా, మళ్ళీ అన్నాడు. "నేను అతిథిని. మా చెల్లెలు పిలిస్తే వచ్చాను."

ఇన్సాఫ్‌కి కళ్ళు మండాయి. ఉప్పుగాలి వల్లే అనుకున్నట్టు అందరూ అటు తిరిగారు. తహానీ అన్ననీ చెల్లెల్నీ మార్చి మార్చి చూసి, ఇంక ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, తాళంచెవి ఇన్సాఫ్ చేతిలో పెట్టి ఆ చేతిని రెండు చేతులతో మూసింది.

మెట్లెక్కి, తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది ఇన్సాఫ్. లోపలికి అడుగు పెట్టబోయి ఆగింది. పక్కకి జరిగి దారిచ్చింది.

"రా పిన్నీ. రా అన్నయ్యా," అంది. "ముందు అతిథులు."